తొడిమల షెడ్డులో నా సీరియల్

నేను సీరియళ్ళు రాస్తాను. ఎవరైనా మర్యాద కొద్దీ నవల అంటే కాదనను గానీ, సాహిత్యం అంటే మాత్రం నవ్వొస్తుంది. ఫోన్లో కథలు చదివే యాప్‌లో సోమవారం ఒక భాగం, గురువారం ఒక భాగం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పెడతాను. అన్నాలు తిన్నాక ఆడవాళ్ళ చేతిలోకి ఫోను వచ్చే వేళ అది. పొద్దున్నే పెడితే పనుల్లో పడి మర్చిపోతారు. రాత్రి పెడితే టీవీతో పోటీ పడాలి. మూడు నెలల పాటు వేరువేరు వేళల్లో పెట్టి చూసి నేనే తేల్చుకున్న సంగతి ఇది. ఎవరో చెబితే నమ్మే రకాన్ని కాదు.

నా అసలు ఉద్యోగం వేరు. గుంటూరు దాటి చిలకలూరిపేట వెళ్ళే దారిలో, మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో క్వాలిటీ మేనేజర్ని. కాయ రంగు, ఘాటు, తేమ, బూజు అన్నీ చూసి ఈ సరుకు ఓడ ఎక్కొచ్చో కూడదో చెప్పాలి. పదహారేళ్ళుగా నా సంతకం లేకుండా అక్కణ్ణించి ఒక్క కంటెయినరు కదల్లేదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి ఆరున్నర దాకా రాసుకుంటాను, ఎనిమిదింటికి ఆఫీసులో ఉంటాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం కాదా అని నా లోపలే ఎవరో అడుగుతుండేవారు మొదట్లో. ఇప్పుడు అడగరు. నాకు తెలిసినంతలో రెండూ ఒకటే పని.

మార్కెట్ యార్డులో మిరపకాయలు కొనేవాడు బస్తా మూతి దగ్గర కాయ చూడడు. మధ్యలోకి చెయ్యి దూర్చి గుప్పెడు లాగుతాడు. పైన నిగనిగలాడే ఎర్రకాయ పేర్చి, లోపల తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, కుక్కిన బస్తాలు వాడు చాలా చూసుంటాడు. చదివేవాళ్ళూ అంతే. మొదటి మూడు భాగాలు మెరిపించి పదో భాగంలో తాలు పోస్తే, పదకొండో భాగానికి ఒక్కరు ఉండరు. ఎక్కడ ఎంతమంది జారిపోయారో యాప్ చూపిస్తుంది. మా ల్యాబులో తిరిగొచ్చిన సరుకుని పరీక్ష చేసినట్టే ఆ భాగాన్ని ముందేసుకుని, ఏ పేరా దగ్గర జనం లేచిపోయారో వెతుక్కుంటాను.

కథని మధ్యలో ఆపే విద్య మాత్రం కంపెనీ నేర్పలేదు. నా చిన్నప్పుడు కనిగిరి పక్కన మా ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. బిందెలు వరసలో పెట్టి గంటలు గంటలు నిలబడేవాళ్ళం. నేను అల్లిన కథలు చెబుతుంటే నా ముందున్న వాళ్ళు కూడా వెనక్కొచ్చి నిలబడేవారు. నా బిందె నిండే సమయానికి దొంగ గోడ దూకుతుండాలి, అప్పుడు ఆపాలి. అలా ఆపిన మర్నాడు నా బిందె వరసలో ముందు ఉండేది. ఎవరు పెట్టారో నేనెప్పుడూ అడగలేదు.

ఇంతా చేసి నేను రాస్తానని అప్పట్లో ఎవరికీ తెలియదు. కలం పేరుతో రాసేదాన్ని. మా కంపెనీలో ఏటా ఒక ఫారం నింపాలి. ‘ఉద్యోగం కాక ఇతర వ్యాపకాలు’ అన్నచోట ఆరేళ్ళుగా ‘లేవు’ అని రాస్తూ వచ్చాను. ఆఫీసులో ఎవరైనా సీరియల్ అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేచి ల్యాబులోకి వెళ్ళిపోయేదాన్ని.

నాకు బాగా పేరు తెచ్చిన సీరియల్ ఒక వదినా ఆడపడుచుల కథ. వదిన కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. భర్త ఒకరోజు పనికి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. అతనేమయ్యాడో కనిపెట్టడానికి వదినా, డిగ్రీ చదివే ఆడపడుచూ కలిసి బయల్దేరతారు. వదిన నెమ్మదైనది, ఆడపడుచు నోరున్నది. జనం ఆడపడుచుని నెత్తిన పెట్టుకున్నారు. ముప్పై అయిదో భాగం దగ్గర చదివేవాళ్ళు పెరగడం ఆగిపోయింది. ఇక లాభం లేదని ఆ పిల్లని చంపాలని నిర్ణయించుకున్నాను.

ఎలా చంపాలన్నదానికి కష్టపడలేదు. పేపర్లో జిల్లా పేజీల్లోంచి పనికొచ్చే వార్తలు కత్తిరించి ఫైల్లో పెట్టుకునే అలవాటుంది నాకు. అందులో రెండేళ్ళ కిందటి చిన్న వార్త దొరికింది. మిరపకాయలు కోయడానికి కూలీలని ఎక్కించుకెళ్తున్న ఆటో తిరగబడి ఒక డిగ్రీ చదివే అమ్మాయి చనిపోయింది. సెలవుల్లో కూలికి వెళ్తోంది. సంచిలో హాల్ టికెట్ ఉందట. ఆ హాల్ టికెట్ నాకు భలే నచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి నలభయ్యో భాగంలో పెట్టాను. పైగా మూడు రోజుల ముందే, ‘గురువారం ఒకరు వెళ్ళిపోతారు, ఎవరో చెప్పండి చూద్దాం’ అని ప్రశ్న కూడా వేశాను. జనం పోటీలు పడి జవాబులు పెట్టారు. గురువారం ఆ భాగం కింద వచ్చిన ఏడుపులు చదువుతూ మా వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్త రాశాడు, పుస్తకంగా వేస్తాను, ఆ చావే దీన్ని అమ్ముతుంది అని. నాకూ అలాగే అనిపించింది.

ఇది జరిగిన నెలన్నరకి ఒక మధ్యాహ్నం తొడిమలు తీసే షెడ్డుకి వెళ్ళాను. మామూలుగా నేను వెళ్ళను. మచ్చు కాయలు మా అసిస్టెంటే తెస్తాడు. ఆ రోజు ఒక సరుకులో తేమ తేడా వస్తే స్వయంగా చూద్దామని వెళ్ళాను. షెడ్డులో నూటయాభై మంది ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని కాయకి తొడిమ తుంచుతుంటారు. ముక్కుకి గుడ్డ, చేతులకి కొబ్బరినూనె. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వస్తారు. చర్చికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ, సాయిబుల ఇళ్ళ ఆడవాళ్ళూ ఉంటారు. కారం చేతులు కాబట్టి పని అయ్యేదాకా ఎవరూ ఒళ్ళు గోక్కోరు, కళ్ళు తుడుచుకోరు, ఫోను ముట్టరు.

బస్తాల దొంతర వెనక వంగి కాయలు తీస్తుండగా ఒక గొంతు వినిపించింది. చదువుతున్న గొంతు. ‘వదిన తాళంచెవి చీరకొంగులో ముడేసి ఏమీ ఎరగనట్టు మెట్లు దిగింది.’ ఆ వాక్యం నాది. గురువారం పెట్టిన యాభై రెండో భాగంలోది. కదిలితే ఆగిపోతుందేమోనని గుప్పిట్లో మిరపకాయలతో అలాగే వంగి ఉండిపోయాను.

తలుపు పక్కన గాలి తగిలేచోట స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఫోన్లో చూసి చదువుతోంది. షెడ్డంతా ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, కారం దుమ్ములో చెయ్యి పెట్టొద్దన్నారు డాక్టర్లు. పని మానేస్తే మాత్రం జరిగే ఇల్లు కాదు. వాళ్ళ చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆవిడే కాబట్టి గొంతు పెద్దది, నిలకడైనది. అందుకని షెడ్డువాళ్ళే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పెద్దమ్మ చేతులు కడుక్కుని చదువుతుంది. మిగతావాళ్ళు టీ వేళకి లేచినప్పుడల్లా తలా ఒక దోసెడు తొడిమ తీసిన కాయ ఆవిడ ట్రేలో పోస్తారు. తూకాన్ని బట్టే కూలి కాబట్టి, సాయంత్రానికి ఆవిడ తూకం ఆవిడకి వచ్చేస్తుంది. సూపర్‌వైజరుకి తెలుసు, చూడనట్టు ఉంటాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పూట తెలిసింది ఒక్కటే, నా ముందు నూటయాభై మంది నా కథ వింటున్నారు. ఆరేళ్ళలో నాకు అంత సంతోషం కలగలేదు.

ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. నేను కష్టపడి రాసిన కోల్డ్ స్టోరేజీ సాయంత్రం వర్ణనని పెద్దమ్మ ఒక్క గుటకలో మింగేసి ముందుకి వెళ్ళిపోయింది. పోనీలే అనుకున్నాను. తర్వాత, వదిన మెట్లు దిగగానే, కింద నిలబడ్డ ఆడపడుచు, ‘ఏం వదినా, దొరికిందా?’ అంది. షెడ్డు షెడ్డంతా నవ్వింది. నేను పన్నెండు భాగాల కిందట చంపేసిన పిల్ల!

నాకు ఒళ్ళు మండింది. ల్యాబు మనిషిని కదా, నాకు తట్టిన మొదటి మాట కల్తీ. నా సరుకులో నాకు తెలియకుండా ఎవరో ఏదో కలుపుతున్నారు. పని ముగిశాక చేతులు కడుక్కునే పంపు దగ్గర పెద్దమ్మని పట్టుకున్నాను. ఆ సీరియల్ నేనూ చదువుతాననీ, అందులో ఆ పిల్ల ఎప్పుడో పోయింది కదా అనీ అడిగాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది. మేడం అన్న భయం ఆవిడ పట్టులో ఏమీ లేదు.

“గట్టిగా అనమాకండి మేడంగారూ. అదుగో, మూడో వరసలో చివర కూర్చునే మనిషి. ఆమె కూతురు అట్టాగే పోయింది. కూలీల ఆటో. సంచిలో హాల్ టికెట్.”

పెద్దమ్మ మిగతాది తనే చెప్పింది. వాక్యం చదివే ముందురోజు ఇంట్లో ఒకసారి చదువుకుని వెళ్ళడం ఆవిడకి అలవాటు. ఈ కథ కూడా అలాగే ముందు తను చదువుకుని గాని షెడ్డులో చదివేది కాదు. నలభయ్యో భాగం చదివిన రోజు అన్నం తినలేకపోయిందట. మర్నాడు షెడ్డులో, ఆ పిల్ల చెప్పు తెగి ఆటో అందుకోలేకపోయిందనీ, ఇంటికి తిరిగొచ్చిందనీ చదివేసింది. అక్కణ్ణించి ప్రతి భాగంలోనూ ఆ పిల్లని తనే నడిపిస్తోంది. మాటలు తనే పెడుతోంది. సంగతి తెలిసిన నలుగురైదుగురు ఆ తల్లి చెవిన పడకుండా కాపలా కాస్తున్నారు.

ఆ రాసింది నేనేనని అప్పుడు చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఇంటికెళ్ళి ఫైలు తీసి ఆ కత్తిరింపు చూశాను. అందులో ఊరి పేరు ఉంది. మా షెడ్డుకి ఆటోలు వచ్చే ఊరే. నేను హాల్ టికెట్ చూశాను గానీ ఊరి పేరు చూడలేదు.

అయినా ప్రతి వారం ఏదో సాకుతో షెడ్డుకి వెళ్ళడం మానలేదు. దాచుకోవడం ఎందుకు, మంచి పాఠం దొరికితే వదిలే మనిషిని కాదు. పెద్దమ్మ ఎక్కడ మింగేస్తోందో అక్కడల్లా నా రాతలో తాలు ఉంది. ఆవిడ గొంతు ఎక్కడ నెమ్మదిస్తోందో అక్కడ గట్టి కాయ ఉంది. ఆవిడ నోటికి తిరగని వాక్యాలు విరిచాను. వర్ణనలు సగానికి కోశాను. రెండు నెలల్లో, భాగం మధ్యలో జారిపోయేవాళ్ళు చాలావరకు తగ్గారు. నా కథని ఇంత బాగా దిద్దిన మనిషికి నేనెవరో తెలియదు, ఆవిడ బతికించుకుంటున్న పిల్లని చంపింది నేనేనన్న సంగతీ తెలియదు. ఈ రెండూ నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

అంతలో విదేశీ కొనుగోలుదారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. తనిఖీ నియమాల పుస్తకం నేను రాసిందే. షెడ్డులో ఫోన్లు ఉండకూడదు, విడి కాగితాలు ఉండకూడదు, ఒకరి ట్రేలోకి ఇంకొకరి కాయ పోయకూడదు. ఎవరి ట్రేలోంచి ఏ కాయ వచ్చిందో చెప్పగలగాలి. ఇన్నాళ్ళూ కాగితం మీద ఉన్న ఆ నియమాలు ఇప్పుడు నిజంగా అమలు కావాలి. మా ప్లాంట్ హెడ్ షెడ్డు తిరిగి పెద్దమ్మ ఏర్పాటు కనిపెట్టేశాడు. కూసే గాడిద వచ్చి మేసే గాడిదని చెడగొట్టిందని సామెత చెప్పి, ఒకటో తారీఖు నుంచి ఆ ముసలావిడ రాకూడదన్నాడు. ఆడవాళ్ళు బిక్కమొహాలు వేస్తే పని నడవదు కాబట్టి దానికీ ఉపాయం ఆయనే చెప్పాడు. ఆ యాప్‌లో కథలు చదివి వినిపించే ఏర్పాటు ఉంది కదా, ప్రమాద హెచ్చరికల కోసం షెడ్డులో పెట్టిన స్పీకర్లలో అదే వేసేద్దాం. నా సంతకం కోసం కాగితం జరిపాడు.

ఆ సంతకం పెడితే ఒకటో తారీఖున పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది. మూడో వరసలో చివర కూర్చునే తల్లి చెవిలో స్పీకరు చెబుతుంది, ఆ పిల్ల ఎప్పుడో పోయిందని.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని ఉన్నమాట చెప్పేశాను. ఆ కథ నాదండీ, దాన్ని స్పీకర్లో వేయాలంటే నా అనుమతి కావాలి, నేను ఇవ్వను అన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. నా దగ్గర వేరే పద్ధతి ఉందన్నాను. షెడ్డు మూల సూపర్‌వైజరు అద్దాల గది సరుకు ఉండే చోటు కింద లెక్క కాదు. మైకు అక్కడ పెడదాం. రోజూ పది నిమిషాలు శుభ్రత నియమాలు చదివి వినిపించాలని కొనుగోలుదారు ఎలాగూ అడుగుతున్నాడు. అది చదవడానికి పెద్దమ్మని తీసుకుందాం, ఆ తర్వాత అచ్చు కాగితం చూసి కథ. ఫోను ఉండదు, కాగితం గది దాటదు, దోసెడు కాయ పోయాల్సిన పని ఉండదు. ఆయనకి తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకని నా ఫారంలోని ‘లేవు’ మీద పడ్డాడు.

ఆ విషయం హైదరాబాదు ఆఫీసు దాకా వెళ్ళింది. కంపెనీ రహస్యాలేవైనా బయటపెట్టానేమో చూడాలి, కథంతా ఇంగ్లీషులో రెండు పేజీల్లో రాసి పంపమన్నారు. పంపాను. దాన్ని ఒక లాయరు చదివాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ భర్త చివరికి ఏమయ్యాడు? గురువారం చూడమని రాశాను. నాకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి ఊరుకున్నారు. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. తప్పు నాదే కాబట్టి దాని మీద నాకు కోపం లేదు.

గట్టి పరీక్ష ఆఫీసులో కాదు, పంపు దగ్గర ఎదురైంది. పెద్దమ్మకి అద్దాల గది సంగతి చెప్పి, దాంతోపాటు రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆశ్చర్యపోయి దండం పెడుతుందని కూడా అనుకున్నాను. ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపి నా వంకే చూసింది.

“మీరా? ఎవరు చస్తారో చెప్పండని అడిగింది మీరేనా?”

అవునన్నాను. ఆ హాల్ టికెట్ సంగతి ఎట్టా తెలిసిందని అడిగింది. పేపర్లో చూశానన్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంచెంసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, చాలా మామూలుగా చెప్పింది.

“మీ గది వద్దు మేడంగారూ. అచ్చు కాగితం చేతిలో పెట్టుకుని, రాసిన మీరు వింటుంటే లేనిది చదవడం నావల్ల కాదు. ఉన్నది చదివితే ఆ పిల్లని నా నోటితో చంపాలి. అది అసలే చేతకాదు. నేను మానేస్తాలెండి.”

ఊపిరి అందని మనిషి, ఇంట్లో జరుగుబాటు లేని మనిషి, నేను కల్పించిన ఒక పిల్ల కోసం పని వదులుకుంటానంటోంది. ఆ పిల్లని నేను కామెంట్ల కోసం వదులుకున్నాను. నాకు అక్కడే నిర్ణయం అయిపోయింది. పుస్తకంలో ఆ పిల్ల చావదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. రాసి చూపించండి అంది.

ప్రచురణకర్తకి ఫోన్ చేశాను. నలభయ్యో భాగం నుంచి కథ మారుస్తున్నానంటే ఆయన నాకేదో జబ్బు చేసినట్టు మాట్లాడాడు. ఆ చావు లేకపోతే పుస్తకం వేయనన్నాడు. సరే, నేనే వేసుకుంటానన్నాను. పుస్తకం ఎలా అమ్ముకుంటారని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను అడగకుండా ఉండాల్సింది. మా గుంటూరులో వేసవి మొదలయ్యేసరికి ఇంటింటి ఆడవాళ్ళూ ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి మిల్లులకి వస్తారు. కాయల సంచి పెట్టుకుని గంట, రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. టీవీ ఉండదు, ఆ దుమ్ములో కబుర్లు కూడా ఆడలేరు. మొదటి మూడు భాగాలు చిన్న పుస్తకంగా అచ్చేయించి ప్రతి మిల్లులో ఒక దారానికి వేలాడదీస్తాను, నాలుగో భాగం కావాలంటే పుస్తకం మిల్లువాడి దగ్గరే దొరుకుతుంది అన్నాను. ఆ తర్వాత ఇరవై రెండు మిల్లులు తిరిగి ఒప్పించాను. ఒక్కడే కాదన్నాడు, వాడి భార్య ఒప్పుకుంది.

యాప్‌లో కూడా ఆ భాగాన్ని మార్చేశాను. చచ్చిన పిల్లని లేపుతారా, మా కన్నీళ్ళతో ఆడుకున్నారా అని పాఠకులు విరుచుకుపడ్డారు. కొన్ని వేలమంది వెళ్ళిపోయారు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు కాబట్టి ఎవరికీ ఎదురు జవాబు రాయలేదు.

మూడు ఆదివారాలు చర్చి అయ్యాక పెద్దమ్మ ఇంటి వరండాలో కూర్చుని, షెడ్డులో ఆవిడ చెప్పిన కథంతా చెప్పించుకుని రాసుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషిని నేను. అయినా చెబుతున్నాను, ఆవిడ ఆడపడుచు నా ఆడపడుచు కన్నా బాగుంది. నా పిల్ల మాటకి మాట అంటుంది, అంతే. ఆవిడ పిల్ల ఒక మాట అని, తర్వాత వదిన అన్నం తిన్నదో లేదో చూస్తుంది. నాలుగో కాలు ఆవిడే పెట్టింది. పుస్తకం మొదట్లో ఆవిడకి కృతజ్ఞతలు రాస్తానంటే వద్దంది. అద్దాల గదికి వస్తాను గానీ అందులో ఫ్యాను పెట్టించమంది. పెట్టించాను.

తనిఖీ బాగానే జరిగింది. గోళ్ళు కత్తిరించుకోవాలి, గాజులు తీసేయాలి అన్న నియమాలని పెద్దమ్మ మైకులో వాక్యం చదివినంత గంభీరంగా చదువుతుంటే వచ్చినవాళ్ళు నిలబడి విన్నారు. మచ్చు చూసుకోకుండా సరుకు పంపే అలవాటు నాకు లేదు. అందుకని పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు మొదటి నుంచీ షెడ్డులో చదివించాను. ఆ సీజనుకి కొత్తగా చేరినవాళ్ళు కూడా ఉన్నారు, వినడానికి ఎవరూ విసుక్కోలేదు. కొత్త నలభయ్యో భాగం చదివిన రోజు నేను అద్దాల గదిలోనే ఉన్నాను. పిల్ల చెప్పు తెగింది. ఆటో వెళ్ళిపోయింది. పిల్ల చెప్పు చేత్తో పట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది. పెద్దమ్మ కాగితం పక్కన పెట్టి మైకు ఆపింది.

టీ వేళకి ఆ తల్లి గది గుమ్మం దగ్గరికి వచ్చింది. నలభై దాటని మనిషి. ముక్కుకి కట్టిన గుడ్డ గడ్డం కిందికి లాగి, కారం చేతులు ఎవరికీ తగలకుండా వెనక్కి పెట్టుకుని నిలబడింది. పెద్దమ్మ గాభరాగా లేచింది. రాసింది నేనేనని అప్పటికి షెడ్డంతా తెలుసు. నేనేదో చెప్పబోయాను. తప్పయిందని చెప్పాలనే అనుకున్నాను. ఆ తల్లి అడ్డొచ్చింది.

“మా పక్కింటి పిల్ల మొదట్లోనే ఫోన్లో చదివి చెప్పిందండీ, చచ్చిపోయిందని. పెద్దమ్మ ఇట్టా చదువుతుంటే వినబుద్ధేసి ఊరుకున్నాను. ఇప్పుడు అచ్చేస్తున్నారంట గదా. అందుకని ఒకటి చెబుదామని వచ్చాను.”

చెప్పమన్నాను.

“ఆటో పోయాక ఇంటికొచ్చిందని రాశారు గదా. వచ్చాక అన్నం తింటుంది గదండీ. ఆ రోజు నేను వంకాయ కూర వండాను. దానికి వంకాయ పడదు. పొద్దున్నే సణుక్కుంటా పోయింది. మీరు కోడిగుడ్డు పొరటు పెట్టండి.”

పెద్దమ్మ తన స్టూలు నాకు జరిపింది. ఆ తల్లి గుమ్మంలో నిలబడి ఉండగానే ఆ కాగితం వెనక రాశాను. పిల్ల చెప్పు గుమ్మంలో పడేసి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంది. తల్లి పొయ్యి మీద నుంచి వేడివేడిగా కోడిగుడ్డు పొరటు తీసి కంచంలో వేసింది. పిల్ల రెండోసారి కూడా పెట్టించుకుంది. రాసింది పెద్దమ్మకి ఇచ్చాను. ఆవిడ మైకు వేయలేదు, ఆ తల్లికి వినబడేలా మామూలు గొంతుతో చదివింది. అంతా విని, ఉల్లిపాయ కొంచెం ఎక్కువ వేయాలని చెప్పి ఆ తల్లి తన వరసలోకి వెళ్ళి కూర్చుంది. ఉల్లిపాయ సంగతి కూడా రాశాను.